పక్కింటి వారి దోమతెర

దోమతెర ఎందుకండీ అని అడిగితే, దోమలు కుట్టకుండా అని పలకాబలపం పట్టిన పిల్లవాడైనా చెబుతాడు. పందిరిమంచానికి నాలుగువైపులా తెర దించి, అంచులు పరుపుకింద దోపి, మనతోపాటు లోపలికి దూరిన ఒకటి రెండు దోమలను చప్పట్లతో సాగనంపి, బయటి వాటి సంగీతం వింటూ నిద్రపోవటం. మనకు తెలిసిన దోమతెర ప్రయోజనం ఇంతే. బయట మిగిలిపోయిన దోమ ఆ తర్వాత ఏమవుతుందో మనకు పట్టదు. అది ఆకలితో లేచి వెళ్లి, పక్క మంచం మీద తెర లేకుండా పడుకున్నవాణ్ణి కుడుతుంది. దాని ఆకలి దానిది.

ఈ లెక్కన దోమతెర గొడుగులాంటిది. నా గొడుగు నన్ను కాపాడుతుంది. మీరు తడిస్తే ఆ పాపం నాది కాదు. పైగా నా గొడుగు అంచునుంచి కారే ధార మీ భుజం మీద పడవచ్చు కూడా. ఇంట్లో నలుగురికి తెరలుండి ఐదోవాడికి లేకపోతే, ఆ ఐదోవాడికి నాలుగు కాట్లు ఎక్కువ పడటం అటువంటిదే.

కాని 1980ల నుంచి మందు పట్టించిన దోమతెర అని ఒకటి వాడుకలోకి వచ్చి ఈ లెక్కను తిరగవేసింది. పక్కింటివారు అటువంటి తెర కట్టుకుంటే మన ఇంట్లో పిల్లలకు జ్వరాలు తగ్గుతాయని కొలిచి మరీ తేల్చారు. వినటానికి చిన్న విషయంగా ఉంటుంది గాని, ఆ తెరను ఎవరు కొనాలి, ఊరికే పంచాలా డబ్బు పుచ్చుకుని ఇవ్వాలా అన్న పెద్ద తగవు దీనిమీదనే ఆధారపడి ఉన్నది. ఆ తగవు తెగక జరిగిన ఆలస్యానికి పసిపిల్లలు బలి అయ్యారు. ఇప్పటికైనా జబ్బు చిన్నదేమీ కాదు. 2023లో ప్రపంచం మొత్తం మీద సుమారు 5 లక్షల 97 వేలమంది మలేరియాతో పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నూటికి 95 మంది ఆఫ్రికావారు. వారిలో నాలుగింట మూడు వంతులు అయిదేళ్లు నిండని పిల్లలు.

మన్యం వెళ్లి వచ్చినవాడికి చలిజ్వరం వస్తే, ఆ కొండ నీళ్లు పడలేదు అనటం మన పెద్దలకు అలవాటు. ఇటలీవారు గాలిని తప్పుపట్టారు. మలేరియా అన్న మాటకు వారి భాషలో చెడుగాలి అని అర్థం. నీటికీ గాలికీ కూడా ఈ నేరంలో కొంత వాటా లేకపోలేదు. దోమ పుట్టేది నీటిలోనే, తిరిగేది గాలిలోనే. అసలు నేరస్థురాలి జాడ మొదట దొరికింది మాత్రం మన సికిందరాబాదులో.

నేరస్థురాలు అంటున్నాను, పొరపాటున కాదు. కుట్టేది ఆడదోమే. గుడ్లు పెట్టాలంటే దానికి నెత్తురు కావాలి. మగదోమ పూల తేనె తాగి కాలక్షేపం చేసే సాధువు.

రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు సికిందరాబాదులో ఉండగా, రోగిని దోమతెరలో పడుకోబెట్టి, సీసాల్లో పెంచిన దోమలను ఆ తెరలోకి వదిలి కుట్టించేవాడు. దోమను బయట ఉంచటానికి పుట్టిన తెర, ఆయన చేతిలో దోమను లోపల ఉంచటానికి పనికివచ్చింది. 1897 ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అనే రోగి ఈ సేవకు ఒప్పుకున్నాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున కూలి. ఎనిమిది దోమలకు ఎనిమిది అణాలు ముట్టాయి. నాలుగు రోజుల తర్వాత, ఆగస్టు 20న, ఆ దోమల్లో ఒకదాన్ని కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే, దాని కడుపు గోడలో నల్లటి రేణువులతో గుండ్రని కణాలు కనిపించాయి. అవి దోమవి కావు, జ్వరానివి. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, ఆ క్రిమి దోమ కడుపునుంచి లాలాజల గ్రంథులకు చేరి, కాటుతో మరో పక్షికి ఎక్కుతుందని రాస్ చూపించాడు. మనుషుల విషయంలో అదే సంగతిని ఇటలీలో గ్రాసీ, ఆయన మిత్రులు 1898లో రుజువు చేశారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆయన పనిచేసిన బేగంపేట భవనం ఇప్పటికీ ఉన్నది. హుస్సేన్ ఖాన్ ఎనిమిది అణాలు ఏమి చేశాడో చరిత్రకు ఎక్కలేదు.

ఈ కథలో మనం పట్టించుకోవలసిన ముక్క ఒకటున్నది. నాలుగు రోజుల తర్వాత కూడా క్రిమి ఇంకా దోమ కడుపు గోడలోనే ఉన్నది. అక్కడ పెరిగి, పగిలి, పిల్లలు పెట్టి, ఆ పిల్లలు లాలాజలం దాకా ప్రయాణం చేయాలి. మన వాతావరణంలో ఇదంతా పూర్తికావటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అందాకా ఆ దోమ కుట్టినా దురద తప్ప జ్వరం రాదు. దోమ ఆయుష్షు చూస్తే అంతంత మాత్రం. చాలా దోమలు అన్ని రోజులు బతకనే బతకవు. అంటే మలేరియా దోమల్లో పడుచువన్నీ నిర్దోషులు. ప్రాణం తీసేది ముసలి దోమ ఒక్కటే.

1950లలో జార్జి మెక్‌డొనాల్డు అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దీనికి లెక్క కట్టాడు. కాగితం పెన్సిలు ఉంటే మనమూ వేసుకోవచ్చు. జ్వరపురోగిని కుట్టిన దోమలు 100 ఉన్నాయనుకోండి. రోజుకు పదింట ఒకటి చస్తున్నది. పన్నెండు రోజులు గడిచేసరికి 28 మిగులుతాయి. అవి 28 ఇళ్లలో చిచ్చు పెట్టగలవు. రోజుకు పదింట రెండు చచ్చేటట్టు చేయగలిగితే, పన్నెండో రోజుకు మిగిలేవి ఏడు. మూడు చచ్చేటట్టు చేస్తే, ఒకటో రెండో. ఊళ్లో దోమలన్నిటినీ చంపనక్కరలేదు, అది బ్రహ్మతరం కూడా కాదు. వాటిని వృద్ధాప్యం దాకా పోనివ్వకపోతే చాలు. దోమల సంఖ్యను సగం చేస్తే జ్వరాలు సుమారు సగం తగ్గుతాయి. దోమ ఆయుష్షులో కొద్దిగా కోత పెడితే జ్వరాలు పాతాళానికి పడతాయి.

మరి వీటి ఆయుష్షుకు కోత పెట్టే చోటు ఎక్కడ? దోమ ఎప్పుడో ఒకప్పుడు మనిషి దగ్గరకు రాక తప్పదు. రెండు మూడు రోజులకు ఒకసారి దానికి నెత్తురు కావాలి. అంటే పన్నెండు రోజుల్లో నాలుగు పర్యాయాలైనా భోజనానికి మన ఇంటికి వస్తుంది. ఆ నాలుగు రాకల్లోనూ ప్రతిసారీ ఒక గండం పెట్టగలిగితే? ఒక్కొక్క గండంలో సగం చస్తాయనుకున్నా, నాలుగు గండాలు దాటేవి పదహారింట ఒకటే.

మొదటి గండం గోడమీద పెట్టారు. కడుపునిండా తాగిన దోమ బరువెక్కి గోడమీద వాలి విశ్రాంతి తీసుకుంటుంది. అందుకని గోడలకు డి.డి.టి. కొట్టారు. పాల్ ముల్లర్ అనే స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు 1939లో ఆ మందుకు పురుగులను చంపే గుణం ఉన్నదని కనుక్కున్నాడు; 1948లో ఆయనకూ నోబెల్ వచ్చింది. మన దేశంలో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యేనాటికి ఏటా ఏడున్నర కోట్ల జ్వరాలు, 8 లక్షల మరణాలు ఉంటాయని అంచనా. 1965 నాటికి జ్వరాలు లక్షకు దిగాయి. ఇక మలేరియా పని అయిపోయిందని సంబరపడ్డారు. 1976లో చూస్తే 64 లక్షలు! దోమలు డి.డి.టి.కి అలవాటుపడ్డాయి, మందు సకాలంలో అందలేదు, జ్వరం లేని చోట జాగ్రత్త దేనికన్న నిర్లక్ష్యమూ తోడయింది. పండక్కి ఇల్లాలు గోడలు అలికితే, సర్కారువారు కొట్టిన మందు కాస్తా పేడమట్టి కింద సమాధి అయ్యేది. ఇల్లాలిని తప్పుపట్టి లాభం లేదు. పండక్కి గోడలు అలకవద్దని ఎవరు చెప్పగలరు?

రెండవ గండం గోడమీదనుంచి మంచం మీదికి వచ్చింది. తెరకు మందు పట్టించే ఆలోచన రెండవ ప్రపంచయుద్ధం నాటికే ఉన్నది. సైన్యాలు కొన్ని తమ దోమతెరలను డి.డి.టి.లో ముంచి వాడాయి. కాని చంటిపిల్ల పక్కలో కట్టదగ్గ మందు కావద్దూ? అది చేమంతి పువ్వునుంచి వచ్చింది. కెన్యా కొండల్లో పండించే ఒక జాతి తెల్ల చేమంతి పూల పొడికి పురుగులను చంపే శక్తి ఉన్నదని వెనుకటినుంచీ తెలుసు. దోమలచుట్టలో వేసేవారు కూడా. అయితే ఎండ తగిలితే ఆ పొడి నిర్వీర్యమైపోతుంది. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధనశాలలో మైకేల్ ఎలియట్, ఆయన బృందం ఆ పువ్వులోని పదార్థానికి నకలు తీసి, కాస్త గట్టిదనం చేర్చి, 1973లో పెర్మెత్రిన్‌నూ, 1974లో డెల్టామెత్రిన్‌నూ తయారుచేశారు. పురుగుల పాలిట యముడు. మనిషి ఒంట్లో మాత్రం త్వరగా విరిగిపోతుంది. తెరమీద ఉండే కొద్దిపాటి మందుతో పసివాళ్లకు ప్రమాదం లేదని పరీక్షించాకనే అనుమతించారు. ఈ మందుల జాతిని పైరెథ్రాయిడ్లు అంటారు.

ఇప్పుడు తెరలో పడుకున్న మనిషి పాత్ర మారిపోయింది. ఆయన ఊపిరి, ఒంటి వాసన, ఒంటి వేడి తెర పైకప్పులోనుంచి పైకి లేస్తాయి. దోమ ఆ దారినే వచ్చి ఎక్కువగా పైకప్పు మీదనే వాలుతుంది, ఎక్కడ సందు దొరుకుతుందా అని కాళ్లతో తడుముతుంది. ఆ తడమటంలోనే మందు దాని కాళ్లకు అంటుతుంది. వల వేసి, లోపల ఎర పెట్టినట్లయింది. ఎర హాయిగా గురకపెడుతూ ఉంటుంది! ఆశ్చర్యమేమిటంటే ఇటువంటి తెరకు చిల్లులున్నా పనిచేస్తుంది. ఆఫ్రికాలో పరిశోధన కోసం కట్టిన గుడిసెల్లో కావాలనే తెరకు ఆరు రంధ్రాలు, ఒక్కొక్కటి నాలుగు సెంటీమీటర్ల చదరం, కత్తిరించి పరీక్షిస్తారు. మామూలు తెర అయితే దోమలు రాజమార్గాన లోపలికి పోతాయి. మందు తెర అయితే సందు వెతుక్కునే లోపలే చాలావాటికి కళ్లు తిరుగుతాయి.

1990లలో ఆఫ్రికాలోని గాంబియా, ఘానా, కెన్యా, బుర్కీనా ఫాసో దేశాల్లో పెద్ద పెద్ద పరీక్షలు జరిగాయి. కొన్ని ఊళ్లకు తెరలిచ్చి, కొన్నిటికి తర్వాత ఇస్తామని చెప్పి, రెండు చోట్లా పసిపిల్లల మరణాలు లెక్కపెట్టారు. అటువంటి పరీక్షలన్నీ కలిపి చూస్తే, తెరలున్న చోట అన్ని కారణాలవల్ల జరిగే పిల్లల మరణాలు నూటికి 17 వంతున తగ్గాయి. వెయ్యిమంది పిల్లలకు తెరలిస్తే ఏడాదికి అయిదారు ప్రాణాలు దక్కుతాయన్నమాట. వెయ్యిమందిలో ఐదుగురేనా అనిపిస్తుంది కొందరికి. ఆ ఐదుగురి తల్లులు అలా అనరు.

ఇక అసలు సంగతికి వస్తున్నాను. కెన్యాలో విక్టోరియా సరస్సు ఒడ్డున అసెంబో అనే ప్రాంతం ఉన్నది. అక్కడి పరీక్షలో కొన్ని ఊళ్లకు తెరలిచ్చారు, పక్క ఊళ్లకు ఇవ్వలేదు. 2003లో లెక్కలు తీసి చూసేసరికి, తెరలు లేని ఇళ్లలో కూడా కొన్నిటిలో జ్వరాలూ, రక్తహీనతా, పిల్లల మరణాలూ తగ్గి కనిపించాయి. ఏ ఇళ్లు అవి? తెరలిచ్చిన ఊళ్లకు 300 మీటర్ల లోపు ఉన్నవి. వారు చేసిన పుణ్యం ఏమీ లేదు. పక్క ఊరివారు మందు తెరల్లో పడుకున్నారు, అంతే. ఆ తెరలమీద వాలి చచ్చిన దోమలు వీరి ఇళ్లకు రాలేదు, వచ్చినవి ముసలితనం దాకా బతకలేదు. మెక్‌డొనాల్డు కాగితం మీద వేసిన లెక్క సరస్సు ఒడ్డున నిజమై కూర్చున్నది.

అయితే షరతు ఒకటి. ఊళ్లో పదిమందిలో ఒకరు కట్టుకుంటే ఈ మేలు జరగదు. సగానికి మించి జనం వాడితేగాని పక్కవారికి నీడ పడదు.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. ఖజానా శాఖలో చేసి రిటైరయ్యారు. ఈ సంగతులు చెబితే ఆయన ఒప్పుకోలేదు.

"ఊరికే ఇచ్చినదానికి విలువ ఉండదండీ. పది రూపాయలైనా పుచ్చుకోవాలి. కొనుక్కున్నవాడు వాడుకుంటాడు. ఉత్తినే వచ్చినదాన్ని కొట్టంలో గేదెకు కడతాడు."

"కట్టనివ్వండి. గేదెను కుట్టవచ్చిన దోమ చచ్చినా మనకు లాభమే కదా!" అన్నాను.

ఆయన నవ్వలేదు. "మీరు హాస్యానికి అంటారు గాని, నేను ముప్ఫై ఏళ్లు సర్కారు డబ్బు ఎలా పోతుందో చూశాను" అన్నారు.

ఆయనను తేలికగా తీసివేయటానికి వీలులేదు. చాలా ఏళ్లు పెద్ద పెద్ద సంస్థల్లోని ఆర్థికవేత్తలు కూడా అచ్చంగా ఇదే మాట అన్నారు. డబ్బు పుచ్చుకుంటే, కావలసినవాడికే తెర చేరుతుంది, వృథా కాదు అని వాదం. గాంబియాలో ఒక ఏడాది తెరలను మందులో ముంచటం ఉచితంగా చేసి, తర్వాత కొద్దిపాటి రుసుము పెడితే, ముంచుకునేవారు దారుణంగా తగ్గిపోయారు. అయినా వాదం తెగలేదు.

2007లో జెస్సికా కోహెన్, పాస్కలీన్ డ్యుపాస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పడమటి కెన్యాలో దీన్ని పరీక్షకు పెట్టారు. గర్భిణీలు వచ్చే ఆసుపత్రుల్లో కొన్నిచోట్ల తెర ఉచితం. కొన్నిచోట్ల తలా ఒక ధర, అన్నిటికన్న ఎక్కువ ధర 40 షిల్లింగులు, అమెరికా డబ్బులో 60 సెంట్లు. తెర అసలు ఖరీదులో అది ఏ మూలకూ రాదు. ఆ 60 సెంట్లకే తెర తీసుకునేవారు నూటికి 60 మంది చొప్పున తగ్గిపోయారు. తర్వాత ఇళ్లకు వెళ్లి చూశారు. ఉచితంగా తీసుకున్నవారు కొన్నవారికన్న తక్కువ వాడటం లేదు. డబ్బు పెట్టి కొన్నవారు జబ్బు ఎక్కువ ఉన్నవారా అంటే, అదీ కాదు. ఇంకొక చిత్రం కూడా తర్వాత తేలింది: ఒకసారి ఉచితంగా తెర పొంది, దాని సుఖం మరిగినవారు, రెండోసారి డబ్బు పెట్టి కొనటానికి ఎక్కువ ముందుకు వచ్చారు. అదే 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మలేరియా ఊళ్లలో అందరికీ, ఉచితంగా అయినా సరే, తెరలు చేరవలసిందేనని సిఫారసు చేసింది.

నా అభిప్రాయం అడిగితే, ఇందులో దానం అన్న మాటే తప్పు. మీ ఇంట్లో తెర కట్టటం వల్ల నా మనవడికి జ్వరం రాకుండా ఉంటే, ఆ తెర ఖరీదు మీ ఒక్కరి జేబునుంచి రావటం ఏమి న్యాయం? వీధి దీపానికి, ఊరి చెరువు గట్టుకు ఎవరూ టికెట్టు పెట్టరు కదా. పెద్దాయనతో ఈ ముక్క చెబితే, "చెరువు గట్టును ఎవడూ ఇంటికి పట్టుకుపోయి చేపలు పట్టడు" అన్నారు.

పత్రికల్లో ఆ వార్తలు ఆయనా చదివారన్నమాట. నిజమే, ఆఫ్రికా సరస్సుల ఒడ్డున ఈ తెరలతో చేపలు పట్టటం, ఎండుచేపలు ఆరబెట్టటం చూసినవారున్నారు. సన్నకన్ను వలలో చేపపిల్లలు కూడా చిక్కుతాయి. మందు చేపలకు విషం. అది మంచిది కాదు. కాని ఈ కథ రెండువేల ఏళ్లకు పైగా పాతది, తిరగేసి ఉన్నది. ఈజిప్టులో జాలరులు పగలు చేపలు పట్టిన వలనే రాత్రి పక్కచుట్టూ కట్టుకుని దోమలనుంచి కాపాడుకుంటారని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ వ్రాసి పెట్టాడు. పేదవాడి ఇంట్లో ఏ వస్తువుకూ ఒక్క ఉద్యోగమే ఉండదు. పంచిన తెరల్లో అత్యధిక భాగం మంచాలమీదనే ఉన్నాయి. 2000 నుంచి 2015 దాకా ఆఫ్రికాలో నివారణ ప్రయత్నాలవల్ల 66 కోట్లకు పైగా జ్వరాలు తప్పాయనీ, అందులో నూటికి 68 వంతుల పుణ్యం ఈ తెరలదేననీ 2015లో శాస్త్రజ్ఞులు లెక్కతేల్చారు. నాలుగు తెరలు చేపలకు పోయినంత మాత్రాన ఆ లెక్క చెదరదు.

మొదట్లో తెరను ఆరు నెలలకొకసారి మందునీళ్లలో ముంచవలసి వచ్చేది. ఆ బెడద తీరింది. ఇప్పుడు దారంలోనే మందు కలిపి గాని, దారానికి అంటించి గాని నేస్తున్నారు. ఇరవై ఉతుకులు, మూడేళ్లు ఆగాలని నియమం. టాంజానియాలోని అరుషా పట్టణపు మిల్లులో 2003 నుంచి ఇటువంటివి తయారవుతున్నాయి.

మన సంగతి చూద్దాం. పాడేరు, చింతపల్లి, అరకు వైపు గూడేలకూ, సరిహద్దు దాటితే ఒరిస్సాలోని కోరాపుట్, మల్కన్‌గిరి గూడేలకూ కొండలు ఒకటే, వాగులు ఒకటే, దోమా ఒకటే. ఫ్లూవియాటిలిస్ అని ఆ దోమ పేరు. మురుగు దానికి గిట్టదు. తేటగా పారే కొండవాగు అంచున గడ్డిలో పుడుతుంది. మైదానంలోని మలేరియా దోమ పశువుల మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఇది మనిషి నెత్తురే కోరుతుంది, ఇంట్లోకి వచ్చి రాత్రి పొద్దుపోయాక కుడుతుంది. అంటే తెరకు సరిగ్గా తగిన శత్రువు. ఒరిస్సా ప్రభుత్వం 2017లో సుమారు కోటీ పది లక్షల మందు తెరలు పంచింది. ఆ ఏడాదే దుర్గమ ప్రాంతాల గూడేలకు వెళ్లి, జ్వరం ఉన్నవారినీ లేనివారినీ కూడా పరీక్షించి మందులిచ్చే కార్యక్రమం మొదలుపెట్టింది. 2017లో అక్కడ నమోదైన మలేరియా 3 లక్షల 47 వేలు. 2018లో 66 వేలు. ఇందులో తెరల వాటా ఎంత, పరీక్షల వాటా ఎంత అని విడదీయటం కష్టం. ఒకటి దోమను చంపుతుంది, రెండోది మనిషిలో దాగిన క్రిమిని చంపుతుంది. రెండువైపులనుంచీ ముట్టడి జరిగింది. దేశం మొత్తం మీద 2015లో 11 లక్షల 70 వేలు ఉన్న కేసులు 2023 నాటికి 2 లక్షల 27 వేలకు దిగాయి.

మన ఏజెన్సీ గూడేలకూ సర్కారు తెరలు చేరాయి. అయితే పోడు పంట కాపు మీద ఉన్నప్పుడు రాత్రంతా మంచె మీద కాపలా కాసేవాడికి తెర ఎక్కడ కడతారు? చిన్న గుడిసెలో పొయ్యి పక్కన ఏడుగురు పడుకునే చోట రెండు తెరలు ఏ మూలకు వస్తాయి? ఇంటికి రెండు అని కాగితం మీద వ్రాసుకునే బదులు, ఇద్దరికి ఒకటి చొప్పున తలలు లెక్కపెట్టి ఇవ్వటం మేలు. కాపలావాడికి మంచె మీద కట్టుకునే వీలున్న తెర కూడా కావాలి.

ఇంతకన్న పెద్ద చిక్కు ఇంకొకటి వచ్చి పడింది. డి.డి.టి.కి జరిగిందే చేమంతి మందుకూ జరుగుతున్నది. ఆఫ్రికాలో చాలాచోట్ల దోమలు పైరెథ్రాయిడ్లకు అలవాటుపడ్డాయి; తెరమీద వాలి, తడుముకుని, చావకుండా లేచిపోతున్నాయి. అలా అయితే మందు తెర మళ్లీ మామూలు తెర అవుతుంది, చిల్లు పడిననాడు అదీ కాదు. పక్కింటివారికి నీడా పోతుంది. అందుకని పాత మందుకు క్లోర్‌ఫెనాపిర్ అనే మరొక మందు జోడించి కొత్త తెరలు చేశారు. పాత మందు దోమ నరాలను కొడుతుంది; కొత్తది దాని ఒంట్లో శక్తి పుట్టే చోటును కొడుతుంది. ఒకదానికి అలవాటుపడ్డ దోమ రెండోదానికి చిక్కుతుంది. టాంజానియాలో మిసుంగ్వీ అనే ప్రాంతంలో రెండేళ్లు చూసి 2022లో ఫలితం ప్రకటించారు: పాత తెరలు కట్టిన ఊళ్లలో నూటికి 46 మంది పిల్లల నెత్తుటిలో మలేరియా క్రిమి ఉంటే, కొత్త తెరల ఊళ్లలో 26 మందిలోనే ఉన్నది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటిని సిఫారసు చేసింది. ఖరీదు కాస్త ఎక్కువ. డి.డి.టి. నాడు దోమ నేర్చుకున్నంత వేగంగా మనం నేర్చుకోలేదు. ఈసారి ఒకే మందును నమ్ముకుని కూర్చోకుండా మార్చి మార్చి వాడాలని కొందరు శాస్త్రజ్ఞులు ముందుగానే మొత్తుకుంటున్నారు.

పట్నాల్లో ఉన్నవారికి ఒక మాట. మీ మురుగుకాలవలో పుట్టి రాత్రి వేధించే దోమ మలేరియా తేదు, దానిది బోదకాలు వంశం. డెంగ్యూ దోమ పగలు కుడుతుంది, కాబట్టి పగలు నిద్రపోయే పసివాళ్లకు తెర అవసరమే. పట్నంలో మలేరియా తెచ్చేది మూత లేని నీళ్ల ట్యాంకులోనూ, బావిలోనూ పుట్టే మరో రకం. దానికి ముందు ట్యాంకు మీద మూత పెట్టండి, తర్వాత తెర కొనండి.

మందు తెర ఇంటికి వస్తే, పొట్లం విప్పి ఒక రోజు నీడలో ఆరవేసి, తర్వాత కట్టుకోవాలి. వెంటనే కట్టుకుంటే కొందరికి ముఖం చుర్రుమంటుంది. ఊరికే ఉతకకూడదు, మాసినప్పుడు మామూలు సబ్బుతో చన్నీళ్లలో మెల్లగా పిండి, నీడలోనే ఆరవేయాలి. ఉతికిన నీళ్లు చెరువులోగాని, వాగులోగాని పారబోయకండి, చేపలు చస్తాయి. చిరిగితే సూదీ దారం తీసుకుని కుట్టుకోండి. చాపమీద పడుకునే ఇళ్లలో అంచులు చాపకింద చుట్టూ దోపాలి, ముఖ్యంగా గోడవైపు. పిల్లలు నిద్రలో కాళ్లతో లాగేది అటువైపే.